అరచేతిలో లైట్‌హౌస్ లెన్సు



దివిసీమను నేల మీద నిలబడి చూస్తే కనుచూపు మేరా పచ్చదనమే. పడవెక్కి సముద్రంలోకి కాస్త దూరం పోయి వెనక్కి తిరిగి చూడండి, ఒడ్డు ఎక్కడుందో తెలియదు. విశాఖపట్నానికి డాల్ఫిన్స్ నోస్ కొండ ఉంది. మనకు కొండ కాదు గదా, చెప్పుకోదగ్గ మిట్ట కూడా లేదు. నాగాయలంక, హంసలదీవి, బందరు, మంగినపూడి, అంతా కృష్ణమ్మ తెచ్చి పోసిన ఒండ్రు నేలే. ముందు బురద, దాని వెనక మడ అడవి, ఆ వెనక తాటితలలు. పగలైతే ఆ తాటితలలే కొండగుర్తు. రాత్రయితే అదీ లేదు.

దీనికి తోడు నదీ పాయలు వేసిన మేటలు సముద్రంలోకి చొచ్చుకుని ఉంటాయి. ఇంగ్లీషువాళ్ల నౌకాపటాల్లో దివి పాయింట్ అని ఒక చోటు ఉంది. దానికి నైరుతిగా ఫాల్స్ దివి పాయింట్ అని ఇంకొకటి. అంటే దొంగ దివి. మద్రాసు వైపు నుంచి వచ్చే ఓడకు ముందుగా ఎదురయ్యేది ఈ దొంగదే. ఆ పేరు పెట్టిన కెప్టెన్లు ఎంత తిట్టుకుంటూ పెట్టారో గానీ, పేరు మాత్రం పటంలో అలాగే నిలిచిపోయింది.

ఇలాంటి తీరానికి లైట్‌హౌస్ అవసరం ఎంతో వేరే చెప్పక్కర్లేదు. మంగినపూడి బీచికి వెళ్లిన ప్రతివాళ్లూ అక్కడి లైట్‌హౌస్ ముందు నిలబడి ఫోటో దిగే ఉంటారు. అయితే ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ గోపురం గురించి కాదు. గోపురం నెత్తిన ఉండే గాజు గురించి. ఇంకా చెప్పాలంటే, ఆ గాజుకు జానెడు ఎత్తున చేసే నమూనాల గురించి. అమెరికాలో, యూరప్‌లో వీటిని పోగుచేసేవాళ్లున్నారు. మనవాళ్లు స్టాంపులు, పాత నాణేలు దాచుకున్నట్టే వాళ్లు చారిత్రక లైట్‌హౌస్ లెన్సుల బుల్లి ప్రతిరూపాలు కొని అలమారాల్లో పెట్టుకుంటారు. ఆ వస్తువు మన బందరులో తయారు కావాలని నా కోరిక. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

ముందు ఎత్తు లెక్క ఒకటి చూద్దాం. దీపం ఎన్ని మీటర్ల ఎత్తున ఉందో ఆ సంఖ్యకు వర్గమూలం కట్టి, మూడున్నరతో గుణిస్తే, ఆ దీపం నీటి మట్టం మీద సుమారుగా ఎన్ని కిలోమీటర్ల దూరం కనిపిస్తుందో వస్తుంది. 25 మీటర్ల ఎత్తయితే సుమారు 18 కిలోమీటర్లు. దూరం రెట్టింపు కావాలంటే ఎత్తు నాలుగింతలు పెంచాలి. అంటే 100 మీటర్లు. పల్లపు నేల మీద అంత ఎత్తు ఎవరు కడతారు? కట్టినా, పైన పెట్టిన దీపం వెలుగు అంత దూరం పోవాలి కదా. నూనె దీపం వెలుగు నాలుగు పక్కలకీ, ఆకాశానికీ, నేలకీ సమానంగా పంచుకుపోతుంది. ఓడ వైపు పోయేది అందులో పిసరంత. దీపం వెనక లోహపు అద్దాలు పెట్టి ఆ వెలుగును తిప్పి చూశారు. అద్దం తాగేసేదే సగం దాకా ఉండేది.

ఆ చిక్కు విప్పినవాడు ఒక ఫ్రెంచి ఇంజనీరు. పేరు అగస్టిన్ ఫ్రెనెల్. పుట్టింది 1788లో. ఉద్యోగం రోడ్లు, వంతెనలు వేయించడం. ఒళ్లు ఎప్పుడూ అంతంత మాత్రమే. 1827లో క్షయతో పోయేనాటికి 39 ఏళ్లు. ఆ కొద్ది కాలంలోనే వెలుగు ఒక తరంగమని లెక్కలు కట్టి నిరూపించాడు, లైట్‌హౌస్‌లకు కొత్త కళ్లు పెట్టాడు.

ఆయన పట్టుకున్న కిటుకు ఏమిటంటే, గాజులో వెలుగు దారి మళ్లేది పైపొర దగ్గరే. లోపలికి వెళ్లేటప్పుడు ఒకసారి వంగుతుంది, బయటికి వచ్చేటప్పుడు ఇంకోసారి. మధ్యలో ఉన్న గాజు మందం వల్ల బరువు పెరగడం, వెలుగు తరగడం తప్ప ఒరిగేదేమీ లేదు. కాబట్టి ఆ మందాన్ని తీసేసి, వంపును మాత్రం ముక్కలు ముక్కలుగా ఉంచుకుంటే సరిపోతుంది. నడుమ ఒక బిళ్ల, దాని చుట్టూ కోనేటి మెట్లలా వరసగా గాజు వలయాలు. ఒక్కో మెట్టు వాలు ఒక్కో రకం. దీపం దగ్గర చెదిరిపోయిన కిరణాలన్నీ ఈ మెట్లు దాటాక ఒకే దిక్కుకు నడుస్తాయి. ఇలాంటి ఆలోచన అంతకు ముందు బుఫాన్, కాండోర్సే అనే ఫ్రెంచి పండితులకు కూడా వచ్చింది. లైట్‌హౌస్‌లో పెట్టి వెలిగించి చూపించింది ఫ్రెనెలే.

మొదటి లెన్సు 1823 జులైలో వెలిగింది. ఎక్కడో తెలుసా? బోర్డో పట్నానికి దిగువన, గిరోండ్ నది సముద్రంలో కలిసే చోట, కోర్డువాన్ అనే లైట్‌హౌస్‌లో. అదీ నదీముఖమే. అక్కడా ఇసుక మేటలే, ఓడలకు గండమే. హంసలదీవి దగ్గర నిలబడ్డ మనకు ఆ చోటు పరాయిదేమీ కాదు. ఆ లెన్సుకు 8 పెద్ద పలకలు. దీపం నడిమధ్యన నిలకడగా ఉంటుంది, దాని చుట్టూ పలకలు తిరుగుతాయి. ఒక్కో పలక మీ వైపు తిరిగినప్పుడల్లా ఒక్కో మెరుపు. 8 పలకల లెన్సు 80 సెకన్లకు ఒక చుట్టు తిరిగితే మీకు పదేసి సెకన్లకు ఒక మెరుపు కనిపిస్తుంది. పక్క ఊరి లైట్‌హౌస్‌కు వేరే లయ పెడతారు. చీకట్లో నావికుడు వాచీ చూసుకుని మెరుపుల మధ్య ఎడాన్ని లెక్కపెడితే, అది ఏ ఊరి దీపమో తెలిసిపోతుంది.

తిప్పడానికి కరెంటు లేని రోజులవి. గోపురం నడుమ బరువు వేలాడదీసి, అది కిందికి దిగుతుంటే పళ్లచక్రాలు తిరిగేలా ఏర్పాటు చేశారు. కాపలాదారు రాత్రంతా మేలుకుని దానికి కీ ఇస్తూ ఉండాలి. 1890ల నుంచి పెద్ద లెన్సులను పాదరసం నింపిన తొట్టిలో తేల్చారు. టన్నుల బరువున్న గాజును ఒక్క వేలితో నెడితే కదిలేది. ఆ పాదరసం ఆవిరి కాపలాదార్ల ఆరోగ్యాలను ఏం చేసిందో అప్పట్లో పట్టించుకున్నవాళ్లు తక్కువ.

మన వైపు లెన్సులు ఎక్కువగా ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ పక్కనున్న స్మెత్‌విక్ నుంచి, చాన్స్ బ్రదర్స్ గాజు ఫ్యాక్టరీ నుంచి వచ్చేవి. లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌కు అద్దాలు పోసింది కూడా వాళ్లే. 1894లో మద్రాసు హైకోర్టు గోపురం మీద వెలిగించిన లైటు వాళ్లు చేసిందే. ఆ రోజుల్లో కృష్ణా జిల్లా దావాలు హైకోర్టు అప్పీలుకు మద్రాసే వెళ్లేవి. గట్టు తగాదాలు, దత్తత తగాదాలు మోసుకుని మనవాళ్లు ఆ దీపం కిందే వకీళ్ల చుట్టూ తిరిగారు. తల పైకెత్తి దాన్ని చూసే తీరిక ఎంతమందికి దొరికిందో! 1977 జనవరిలో మెరీనా ఒడ్డున కొత్త లైట్‌హౌస్ వచ్చేదాకా మద్రాసుకు అదే దీపం.

ఇప్పుడు బుల్లి లెన్సు సంగతికి వద్దాం.

అమెరికా నుంచి వచ్చే పిల్లలు చాక్లెట్లు తెస్తారు, సెంటు సీసాలు తెస్తారు. మా మేనల్లుడు ఒకసారి ఒక లెన్సు నమూనా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. జానెడు కంటే కాస్త ఎక్కువ ఎత్తు. సన్నటి ఇత్తడి చట్రం, అందులో అక్రిలిక్‌తో చేసిన 8 పలకలు. దాన్ని కిటికీకి కొంచెం ఎడంగా పెట్టి, ఇవతల కుర్చీలో కూర్చుని దాని గుండా చూశాను. నడిమి బిళ్లలో మా ఎదురింటి కొబ్బరిచెట్టు తలకిందులుగా వేలాడుతోంది. చెట్టు కింద సైకిల్ మీద పోతున్న మనిషి కూడా తలకిందులే, పైగా ఎదురు దిక్కుకు పోతున్నాడు. కింద ఒక మర ఉంది. దాన్ని తిప్పి, లోపల చిన్న ఎల్ఈడీ వెలిగించి, గదిలో లైటు ఆర్పేస్తే 8 వెలుగు చారలు గోడల మీద గుండ్రంగా నడిచాయి. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి గుమ్మంలో ఆగి చూసి, "బాబుగారూ, ఇది తీర్థంలో దొరుకుద్దా?" అని అడిగింది. ఆ ప్రశ్నే ఈ ప్రసంగానికి మూలం.

అసలు లెన్సులు ఎవరికి పడితే వాళ్లకు దొరికేవి కావు. అవి ప్రభుత్వాల ఆస్తి. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం సెయింట్ అగస్టిన్ లైట్‌హౌస్‌లో 1874 నాటి మొదటి తరగతి లెన్సు, అంటే పెద్ద సైజు లెన్సు, ఒకటి ఇప్పటికీ వెలుగుతోంది. చేత్తో సానపట్టిన 370 గాజు ముక్కలు అందులో. 1986లో ఎవరో తుపాకీతో కాల్చితే 19 ముక్కలు పగిలాయి. దాన్ని బాగుచేసి మళ్లీ వెలిగించేసరికి 1993 వచ్చింది. అంత అపురూపమైన వస్తువు కాబట్టే నమూనాలకు గిరాకీ. చెడిపోయిన లెన్సుల స్థానంలో పెట్టడానికి అసలు కొలతలతోనే అక్రిలిక్ లెన్సులు తయారుచేసే పనివాళ్లు కూడా ఆ దేశంలో ఉన్నారు.

బజారులో దొరికే సరుకంతా మంచిదని అనుకోకండి. చాలావరకు గోపురం బొమ్మలు. ఎర్ర చారలు, తెల్ల చారలు, నెత్తిన గీతలు గీసిన ప్లాస్టిక్ కప్పు, అందులో మిణుకుమిణుకుమనే బల్బు. అది బొమ్మ. దాన్ని లెన్సు అనడానికి నాకు మనసొప్పదు. మంచి నమూనాను పట్టుకోవాలంటే లోపల దీపం పెట్టి చూడాలి. వెలుగు చుట్టూ చెదిరిపోతే అది అలంకారం. పట్టీ కట్టి ఎదుటి గోడను తాకితే అది లెన్సు. ఇంకో గుర్తు: పెద్ద లెన్సుల్లో నడిమి భాగానికి పైన ఉండే గాజు వలయాలు ఎక్కువ, కింద ఉండేవి తక్కువ. కింద దీపం కుదురుకు చోటు కావాలి గదా. చూడ్డానికి బాగుంటుందని పైనా కిందా సమానంగా పెట్టినవాడికి లెన్సు సంగతి తెలియదన్నమాట.

చిన్నది చేస్తే పనిచేస్తుందా అని అనుమానం రావచ్చు. నిక్షేపంగా పనిచేస్తుంది. వెలుగు ఎంత వంగాలో చెప్పేది గాజు వాలు. గాజు సైజుతో దానికి పనిలేదు. మొదటి తరగతి లెన్సు ఎత్తు సుమారు 2.6 మీటర్లు. దీపానికీ గాజుకూ మధ్య దూరం 920 మిల్లీమీటర్లు. పదోవంతుకు తగ్గిస్తే ఎత్తు 26 సెంటీమీటర్లు, దూరం 92 మిల్లీమీటర్లు. లోపల 5 మిల్లీమీటర్ల ఎల్ఈడీ పెడితే వెలుగు పట్టీ సుమారు మూడు డిగ్రీలే విచ్చుకుంటుంది. ఇరవై మీటర్ల అవతల గోడ మీద మీటరు పైచిలుకు వెడల్పున పడుతుంది. ఫ్రెనెల్ నాలుగు వత్తుల నూనె దీపం బొద్దుగా ఉండేది కాబట్టి, ఈ విషయంలో బుల్లి లెన్సుదే పైచేయి.

కష్టమంతా అంచుల దగ్గర ఉంది. పెద్ద లెన్సులో గాజు ముక్క వెడల్పు అంగుళం పైనే ఉంటుంది. మెరుగు పెట్టేటప్పుడు అంచు అర మిల్లీమీటరు గుండ్రబడినా నష్టం లేదు. బుల్లి లెన్సులో ముక్క వెడల్పే మూడు మిల్లీమీటర్లు. అందులో అర మిల్లీమీటరు పోతే ఆరో వంతు వెలుగు పోయినట్టే. దీనికి కావలసింది పెద్ద ఫ్యాక్టరీ కాదు. సన్నపనికి అలవాటు పడ్డ కళ్లు, వణకని వేళ్లు.

అవి బందరులో కావలసినన్ని ఉన్నాయి.

చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ తెలియని తెలుగువాళ్లు ఉన్నారా? రాగి మీదో ఇత్తడి మీదో పల్చటి బంగారు పొర పట్టించి, నాలుగు కాసుల గొలుసు పక్కన పెడితే కంసాలి కూడా రెండోసారి చూసే పనితనం అది. పెళ్లిళ్లలో, నాటకాల్లో, కూచిపూడి నాట్యాల్లో ఆ నగలు వేసుకోని ఊరు లేదు. ఇప్పుడు పోతేపల్లిలో ఆ పనివాళ్ల కోసమే ఒక పార్కు ఉంది. అచ్చు కొట్టడం, కమ్మచ్చులో తీగ లాగడం, ఊదుగొట్టంతో టంకం పెట్టడం, రాయి పొదగడం, మెరుగు పెట్టడం, పూత వేయడం, అన్నీ అక్కడే. లెన్సు చట్రానికి కావలసినవీ ఇవే. అసలు లెన్సుల్లో గాజు ముక్కలను ఇత్తడి చట్రంలో పొదిగి లప్పంతో బిగిస్తారు. పేరు వేరు, పని ఒకటే.

ఆ నమూనాను ఒకసారి చిలకలపూడి పనివాడికి చూపించాను. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, దాన్ని వేళ్ల మధ్య తిప్పితిప్పి చూసి, "టంకం లోపలి వైపు పెట్టాడండీ, మంచి పనోడే," అన్నాడు. తర్వాత ఇంకో మాట అన్నాడు: "మేం రాయి వెనకాల రేకు పెట్టి మెరుపు తెప్పిస్తాం మాస్టారూ. దీనికి వెనకేం పెట్టకూడదు, అంతేగా? వెలుతురు అటూ ఇటూ తిరగాలి." నేను ఇంతసేపూ చెప్పిన శాస్త్రాన్ని ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు.

అక్రిలిక్ పలకల అచ్చులు తీయడానికి పెడన ఉండనే ఉంది. కలంకారీ అద్దకానికి టేకు చెక్క మీద వెంట్రుకవాసి గీతలు చెక్కే చేతులు అక్కడున్నాయి. చెక్క నుంచి లోహానికి మారడం తేలికని నేననను. మారలేనంత దూరం కూడా కాదు. ఆ మాటకొస్తే ఈ డెల్టాలో మెరిసే రాయిని నునుపు చేయడం నిన్న మొన్నటి విద్య కాదు. భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల స్తూపాలను తవ్వి అలెగ్జాండర్ రీ రాసిన పుస్తకం 1894లో అచ్చయింది. భట్టిప్రోలు స్తూపంలో రాతి పేటిక లోపల దొరికిన స్ఫటికపు బరిణె గురించి అందులో ఉంది. ఆ నునుపు చూసినవాళ్లు మన పూర్వులకు చేతకాదనరు.

ఒక జాగ్రత్త చెప్పాలి. లెన్సు వెలుగును బయటికి ఎలా పంపుతుందో లోపలికి కూడా అలాగే పోగుచేస్తుంది. అందుకే లైట్‌హౌస్‌లలో పొద్దున్నే లెన్సు చుట్టూ తెర కట్టేవారు. లేకపోతే ఎండ అంతా దీపం మీదికి చేరి నిప్పు పుట్టే ప్రమాదం. బుల్లి లెన్సుకూ ఇదే సూత్రం. బందరు మే నెల ఎండలో దాన్ని కిటికీలో పెట్టి ఊరెళ్లకండి. గుడ్డ కప్పి ఉంచండి.

సరదా వస్తువుకు ఇంత హంగామా దేనికని ఎవరైనా అడగవచ్చు. ఈ తీరంలో సముద్రం సరదా కాదు. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీదికి వచ్చిన ఉప్పెనలో 30 వేల మంది పోయారంటారు. 1977 నవంబరు 19న దివిసీమలో పోయినవాళ్లు పదివేలకు పైనే. లైట్‌హౌస్ ఉప్పెనను ఆపదు, దాని పని వేరు. అయితే ఆ సముద్రం మీదికే తెల్లవారుజామున వలలతో వెళ్లే మనిషికి తిరిగొచ్చే దారి చూపించిన వస్తువుల్లో అదొకటి. ఉప్పెన గుర్తుగా మనకు స్మారకాలున్నాయి. ఈ దీపానికి గుర్తుగా ఇంట్లో పెట్టుకోదగ్గ వస్తువు ఒక్కటీ లేదు.

ఇప్పుడు పడవల్లో జీపీఎస్ వచ్చింది. చాలా లైట్‌హౌస్‌లలో పాత గాజు దించి ఎల్ఈడీ లాంతర్లు పెడుతున్నారు. దించిన గాజులో కొంత మ్యూజియాలకు చేరింది. చెన్నై లైట్‌హౌస్ దగ్గర అలాంటి మ్యూజియం ఉంది. 2024 ఫిబ్రవరిలో దేశంలో 75 లైట్‌హౌస్‌లకు పర్యాటక హంగులు కల్పించి ప్రారంభించారు. ఇక్కడ తపసిపూడిలో 2023 మేలో కొత్త ఓడరేవు పనులు మొదలయ్యాయి. రేపు జనం వస్తారు. వచ్చినవాళ్లు చేత్తో పట్టుకుపోవడానికి మంగినపూడిలో గవ్వల దండలు, శంఖాల మీద రాసిన పేర్లు తప్ప మనం ఏం చూపిస్తాం?

1910లో ఇదే బందరులో కోపల్లె హనుమంతరావుగారు, మిత్రులు ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టినప్పుడు చదువునూ చేతిపనినీ ఒకే కప్పు కింద నేర్పాలనుకున్నారు. ఆ ఊళ్లోనే భౌతికశాస్త్రం మాస్టారూ నగల పనివాడూ ఒక బల్ల ముందు కూర్చోవడానికి ఇప్పుడు అడ్డేమిటి?

గుడివాడ, అవనిగడ్డ, బందరు బడుల్లో సైన్సు చెప్పే మాస్టార్లకు ఒక మనవి. పుస్తకాల షాపుల్లో పేజీ పెద్దగా కనిపించే పల్చటి ప్లాస్టిక్ రేకు దొరుకుతుంది. దాని మీద గోరుతో గీరితే సన్నటి గాళ్లు తగులుతాయి. అది ఫ్రెనెల్ లెన్సే. అలాంటివి నాలుగు తెచ్చి, అట్టతో పెట్టెలా నిలబెట్టి, నడుమ సెల్‌ఫోన్ టార్చిలోంచి తీసిన ఎల్ఈడీ లాంటి చిన్న దీపం పెట్టి, చీకటి గదిలో మెల్లగా తిప్పించండి. దీపానికీ రేకుకూ మధ్య దూరం ఎంత ఉండాలో పిల్లలనే కొలవనివ్వండి. సెప్టెంబరు 21 మన జాతీయ లైట్‌హౌస్ దినం, 1927 నాటి లైట్‌హౌస్ చట్టం పుట్టినరోజు. ఆ రోజు చేయిస్తే మరీ మంచిది.

పోతేపల్లి, చిలకలపూడి పనివాళ్లకు ఇంకో మనవి. ఎనిమిది పలకలు, ఇత్తడి చట్రం, జానెడు ఎత్తు. ముందు ఒక్కటి చేసి చూడండి. గిల్టు పూత అక్కర్లేదు, ఇత్తడిని ఇత్తడిగానే ఉంచండి. వెలుగు మాత్రం గోడను తాకాలి. చేసినవాళ్లు ఆకాశవాణికి ఒక కార్డు ముక్క రాయండి, మొదటి బేరం నాదే.